రెండు సెషన్లూ నిద్ర గురించే మాట్లాడి వచ్చేశాను

ఈ ఉత్తరం రాసినావిడ పేరు, ఉండే ఏరియా రాయొద్దన్నారు, రాయడం లేదు. 34 ఏళ్ళు, అకౌంట్స్ ఉద్యోగం, భర్త, ఐదేళ్ళ బాబు, పై పోర్షన్‌లో అత్తమామలు. ఉత్తరం పదకొండు పేజీలుంది. అందులో మూడు పేజీల చేతిరాత వేరేగా ఉంది, వాటి సంగతి తర్వాత. ముందు మిగతా పాఠకుల కోసం విషయం క్లుప్తంగా చెప్తాను.

ఈవిడకి చిన్నప్పటి నుంచీ మధ్యమధ్యలో కొన్ని గంటలు మాయమవుతుంటాయి. రాయదుర్గంలో మెట్రో ఎక్కి అమీర్‌పేటలో దిగాల్సిన మనిషి, తెలివొచ్చేసరికి నాగోల్ ప్లాట్‌ఫామ్ మీద కూర్చుని ఉంటుంది. బ్యాగులో తను కొనని చింతపండు బిళ్ళలుంటాయి, ఫోన్లో తను పంపినట్టు గుర్తులేని మెసేజ్‌లుంటాయి. లోపల తను కాక ఇంకో ఇద్దరున్నారని అర్థమై నాలుగేళ్ళయింది. ఒకరు ఆరేడేళ్ళ పిల్ల, నల్లగొండ యాసలో తెలుగు తప్ప ఇంకో భాష రాదు. ఇంకొకరు కోపిష్టి పెద్దావిడ. మొదట్లో చూపించుకున్న ఒక డాక్టరుగారు 'గొంతులు వినిపిస్తున్నాయి' అన్న ఒక్క ముక్క పట్టుకుని స్కిజోఫ్రీనియా మందులు రాశారు, ఏడాదిన్నర మత్తులో గడిచింది. తర్వాత దొరికిన థెరపిస్ట్ 28 ప్రశ్నల కాగితం ఒకటి నింపించి, నెలల తరబడి మాట్లాడి, ఒక సైకియాట్రిస్ట్‌తో కూడా కలిసి చూసి, చివరికి ఇది డీఐడీ, అంటే డిసోసియేటివ్ ఐడెంటిటీ డిజార్డర్ అని తేల్చారు. ఆవిడతో మూడేళ్ళు బాగానే సాగింది. పోయిన దసరాకి ఆవిడ దేశం వదిలి వెళ్ళిపోయారు.

ఇప్పుడు కొత్త థెరపిస్ట్. సెషన్‌కి 1500. మంచావిడలాగే ఉన్నారు, కానీ మాట్లాడేది ఇంగ్లీషు, హిందీ. తెలుగు అంతంతమాత్రం. రెండుసార్లు వెళ్ళి రెండుసార్లూ నిద్ర పట్టట్లేదు, ఆఫీసు టెన్షన్ అని చెప్పి వచ్చేశారు. గురువారం మూడోది. 'అక్కా, ముందే చెప్పేయాలా, నమ్మకం కుదిరేదాకా ఆగాలా, లేకపోతే అసలు చెప్పకుండా ఈ నిద్ర వరకు బాగుచేయించుకుంటే సరిపోదా? నమ్మకపోతే ఏంటి? నమ్మి, వింతజంతువుని చూసినట్టు చూస్తే ఏంటి? మా ఆయనకి చెప్పేస్తే? ఎర్రగడ్డకి పంపితే?' ఇదీ ప్రశ్న.

చూడండి, ముందు ఆ పోయిన మూడు వేల గురించి బాధపడటం మానేయండి. నేను డాక్టర్ని కాను, కానీ ఒక వయసులో నేనూ కౌన్సెలింగ్‌కి వెళ్ళాను. మొదటి నెలంతా మా ఇంటి ఓనరు నీళ్ళ మోటార్ వేయడం లేదన్న గోలే చెప్పాను. అసలు వెళ్ళింది మా నాన్న గురించి. ఎదుటి మనిషి మన చిన్న బాధని ఎలా పట్టుకుంటారో చూసుకుని గానీ పెద్ద బాధ చేతికివ్వం, అందరం చేసేది అదే. మీరు రెండు సెషన్లు ఊరికే కూర్చోలేదు, ఆవిడని చూస్తూ కూర్చున్నారు. ఆవిడ గడియారం చూశారా, మీ మాట మధ్యలో అందుకున్నారా, మొదటిసారి చెప్పింది రెండోసారి గుర్తుపెట్టుకున్నారా, ఇవన్నీ మీకీపాటికి తెలుసు. మీ ఉత్తరంలోనే ఉంది, 'నేను ఏడుపు ఆపుకుంటే ఆవిడ కదిలించలేదు, మంచినీళ్ళు ముందుకి జరిపారు' అని. ఆ ఒక్క వాక్యం చదివాక నాకు కొంచెం ధైర్యం వచ్చింది.

ఇక చెప్పడం అంటే ఏంటో చూద్దాం. మీరు దాన్ని ఒక పెద్ద ప్రకటనలాగా ఊహించుకుంటున్నారు, కుర్చీలో కూర్చుని 'నాకు డీఐడీ ఉంది' అనగానే ఆవిడ మొహం మారిపోతుందని. ఆ పేరుతో సగం గొడవ ఉంది మరి. 1980లో అమెరికా వాళ్ళ మానసిక వ్యాధుల పుస్తకం డీఎస్ఎంలో దీన్ని మల్టిపుల్ పర్సనాలిటీ అన్నారు, 1994లో ఇప్పటి పేరు పెట్టారు, ఎందుకంటే ఒక ఒంట్లో చాలామంది కాపురం ఉండటం కాదు, ఒకే మనిషి ఒక్కటిగా కూడుకోలేకపోవడం అసలు సంగతి అని. మన సినిమాల్లో మాత్రం ఇంకా కళ్ళు ఎర్రజేసి గొంతు మార్చి హత్యలు చేసేవాడే. పైగా దీని మీద మానసిక వైద్యుల్లోనే వాదనలున్నాయి. చిన్నతనంలో పదేపదే జరిగిన తట్టుకోలేని బాధ వల్ల వస్తుందని ఎక్కువమంది అంటే, థెరపిస్టుల సూచనలు, చుట్టూ ఉన్న కథలు కూడా దీన్ని తయారుచేస్తాయని కొందరంటారు. అంటే మీరు పేరు ముందు పెడితే ఎదుటివాళ్ళ బుర్రలో ఉన్న సినిమా, ఉన్న వాదన ముందు లేస్తాయి. అదే 'మంగళవారం సాయంత్రం ఆరు నుంచి ఎనిమిదింపావు దాకా నాకు గుర్తులేదు, నాగోల్‌లో తేలాను' అంటే అందులో వాదించడానికి ఏమీ లేదు. అది జరిగింది. నాగోల్ చింతపండు బిళ్ళల్ని ఎవరూ కొట్టిపారేయలేరు.

అందుకని నా మటుకు నాకు జరిగినవి ముందు, పేరు తర్వాత, దాని వెనకున్న చిన్ననాటి కథ ఇంకా చాలా తర్వాత అన్నది నచ్చుతుంది. కానీ మీరడిగిన మూడు దారులూ చూద్దాం, మూడింటికీ ఖరీదుంది.

గురువారమే అంతా చెప్పేస్తే టైమూ డబ్బూ కలిసొస్తాయి. ఇంకో పెద్ద లాభం ఉంది. ఈ మధ్య మన సిటీలో చాలామంది థెరపిస్టులు ట్రామాకి ఈఎండీఆర్ (కళ్ళు అటూఇటూ కదిలిస్తూ పాత జ్ఞాపకాల మీద పనిచేసేది) లాంటి పద్ధతులు వాడుతున్నారు, మంచి పద్ధతే, కానీ మనిషిలో ఇంత డిసోసియేషన్, అంటే తన జ్ఞాపకాల నుంచీ తన నుంచీ తనే విడిపోవడం, ఉందని తెలియకుండా తిన్నగా పాత జ్ఞాపకాల్లోకి దిగితే అన్నీ ఒక్కసారి మీద పడి ఉన్న నిలకడ కూడా పోవచ్చు. ఆవిడకి ముందే తెలిస్తే నెమ్మదిగా వెళ్తారు. డిసోసియేషన్ మీద పనిచేసే అంతర్జాతీయ నిపుణుల సంఘం 2011లో ఇచ్చిన మార్గదర్శకాల్లోనూ ముందు భద్రత, నిలకడ, ఆ తర్వాతే జ్ఞాపకాల జోలికి వెళ్ళడం అనే ఉంది. నష్టం ఏంటంటే, ఆవిడ తేలిగ్గా తీసిపారేస్తే ఆ దెబ్బ మామూలుగా తగలదు, మీకు ఒకసారి తగిలింది కూడా. లోపలున్నవాళ్ళని అడగకుండా చెప్పేస్తే శుక్రవారం నుంచి ఇంట్లో ఏం జరుగుతుందో మీకే బాగా తెలుసు.

రెండోది, మెల్లగా. గురువారం గంటలు మాయమవడం గురించి, మెసేజ్‌ల గురించి చెప్పి ఆగడం. తర్వాతి వారం పాత రోగనిర్ధారణ, పాత మందుల సంగతి. దీనివల్ల ఆవిడకి తన కళ్ళతో తను చూసుకునే వీలుంటుంది, 'వేరేవాళ్ళు చెప్పింది ఒప్పజెప్తోంది' అన్న అనుమానానికి చోటుండదు. ఒక్కటే ప్రమాదం, మెల్లగా అన్నది మన చేతిలో ఎప్పటికీగా మారిపోతుంది. మూడు సెషన్లో నాలుగో అని క్యాలెండర్ మీద గీత గీసుకుంటే తప్ప ఈ దారి పట్టకండి.

మూడోది, అసలు చెప్పకపోవడం. దీన్ని నేను తిట్టను. నిద్ర బాగుపడితే, కంగారు తగ్గితే గంటలు మాయమవడం కూడా కొంత తగ్గొచ్చు, డీఐడీకంటూ ప్రత్యేకంగా మందు ఎలాగూ లేదు, మందులిచ్చేది డిప్రెషన్‌కో నిద్రకో కంగారుకో. కానీ చెప్పకుండా సగం సగం లక్షణాలు చెప్తే ఏమవుతుందో మీ ఏడాదిన్నరే సాక్ష్యం, గొంతులు అని మాత్రం వింటే ఎవరైనా అటే ఆలోచిస్తారు. ఇంకోటి, ఏదో ఒక గురువారం ఆ చిన్నపిల్ల మీ అనుమతి అడక్కుండా ఆ గదిలోకి వచ్చేస్తుంది. అప్పుడు ఆవిడకి ఏమీ తెలియదు, పిల్లకి భాష రాదు. ఆ సీన్ మీరు ఊహించుకోగలరు.

భాష గురించి మీరు పదో పేజీలో ఒక్క లైను రాసి వదిలేశారు. నాకైతే మీ అసలు సమస్యల్లో అదొకటి అనిపించింది. 'పాత మేడమ్ దాన్ని ఇటు రా బిడ్డా అనేవారు, అప్పుడది ఏడుపు ఆపేది' అన్నారు. ఇది ఇంగ్లీషులో ఎలా అంటారండీ? అనలేం. మాదాపూర్ నుంచి బంజారాహిల్స్ దాకా బోర్డులు పెట్టుకున్న థెరపిస్టుల్లో సగం మంది దగ్గర మన లోపలి మాట బయటికి రావాలంటే ముందు అనువాదం కావాలి. ఎనిమిదేళ్ళ ఉద్యోగంలో ఇంగ్లీషు నేర్చుకున్నది మీరు, ఆ పిల్ల కాదు. ఈ సంగతి ఆవిడకి చెప్పడం పెద్ద రహస్యం విప్పడమేం కాదు, 'నాకు బాగా భయమేసినప్పుడు తెలుగు తప్ప రాదు, అప్పుడు మీరేం చేస్తారు' అని అడిగి చూడండి. పది మాటలు నేర్చుకుంటానన్నా సరే, తెలుగు వచ్చిన సహోద్యోగి ఉన్నారన్నా సరే, 'ఇంగ్లీషులో చెప్పడానికి ట్రై చేయండి' అంటే మాత్రం నేనైతే వేరేవాళ్ళని వెతుక్కోవడం మొదలుపెడతాను, ఈవిడని వెంటనే మానేయకుండానే.

ఆవిడని ఇంకా ఏం అడగొచ్చంటే, డిసోసియేషన్ ఉన్నవాళ్ళతో ఎప్పుడైనా పనిచేశారా అని. 'లేదు, కానీ చదువుతాను, నా సూపర్‌వైజర్‌ని అడుగుతాను, నావల్ల కాకపోతే చెప్తాను' అంటే అది మంచి జవాబు. 'ఓ, నాకంతా తెలుసు, ఏదీ ఆ ఇంకొకావిడని ఒకసారి పిలవండి' అంటే బ్యాగు తీసుకుని లేచిరండి. హిప్నాటిజం చేసి పాత జ్ఞాపకాలు తవ్వుతాననేవాళ్ళు, కోపిష్టావిడని లేకుండా చేస్తాననేవాళ్ళు, వీడియో తీస్తాననేవాళ్ళు, వీళ్ళందరికీ ఒకటే నమస్కారం. ఆవిడ చదువు కూడా అడగండి, మొహమాటం వద్దు. క్లినికల్ సైకాలజిస్ట్ అయితే రిహాబిలిటేషన్ కౌన్సిల్ ఆఫ్ ఇండియా రిజిస్ట్రేషన్ నంబరు ఉండాలి. కౌన్సెలర్ అని బోర్డు పెట్టుకోవడానికి మాత్రం ఇక్కడ పెద్దగా అడ్డూఆపూ లేదు. మనసు మంచిదైతే చాలనుకునే బాధలు కొన్నుంటాయి, మీది ఆ రకం కాదు.

పాత థెరపిస్ట్ విదేశాలకి వెళ్ళినా ఒక మెయిల్ దూరంలోనే ఉన్నారు కదా. మీ అనుమతితో రెండు పేజీల సారాంశం రాసివ్వమని అడగండి, దాన్ని మీరు ముందు చదివి, ఏ ముక్క ఇప్పుడే వద్దో చెప్పొచ్చు. ఆ 28 ప్రశ్నల కాగితం ఉంటే అదీ అడగండి, డిసోసియేషన్ ఎంతుందో చూడటానికి 1986 నుంచి వాడుతున్న స్కేల్ అది, దానికదే రోగం తేల్చదు గానీ కొత్తావిడకి ఎక్కడ మొదలుపెట్టాలో చెప్తుంది.

భర్తకి చెప్పేస్తారేమో అన్న భయానికి, 2017 మానసిక ఆరోగ్య సంరక్షణ చట్టంలో 23వ సెక్షన్ ఉంది, మీ ఆరోగ్య విషయాలు గోప్యంగా ఉంచడం మీ హక్కు. మినహాయింపులున్నాయి, మీకు గానీ ఇంకొకరికి గానీ ప్రాణాపాయం ఉంటే, కోర్టు అడిగితే, వైద్యంలో పాలుపంచుకునే వేరే నిపుణులకి అవసరమైతే. మీకు అప్పుడు హాని చేసిన మనిషి ఇప్పుడు ఇంకో పిల్ల జోలికి వెళ్తున్నాడని మీరు చెప్తే మాత్రం పిల్లల మీద లైంగిక నేరాలకి పెట్టిన పోక్సో చట్టం ప్రకారం వాళ్ళు పోలీసులకి చెప్పి తీరాలి, ఇది ముందే తెలుసుకుని మాట్లాడండి. మానసిక ఆరోగ్య చట్టం నామినేటెడ్ రిప్రజెంటేటివ్ అని పిలిచే మనిషికి, అంటే వైద్యం విషయంలో మీ తరఫున నిలబడే మనిషికి కూడా సమాచారం వెళ్తుంది. ఆ మనిషి ఎవరో మామూలు తెల్లకాగితం మీద సంతకం పెట్టి మీరే రాసివ్వొచ్చు, మీ చెల్లి పేరు రాసినా ఎవరూ కాదనరు. ఈ మినహాయింపులన్నీ గురువారం మొదటి ఐదు నిమిషాల్లో ఆవిడ నోటితోనే చెప్పించుకోండి.

ఎర్రగడ్డ గురించి. మన ఊళ్ళో ఈ మాట తిట్టుగా వాడీ వాడీ భయం పెంచేశాం గానీ, అక్కడున్నది ప్రభుత్వ మానసిక ఆసుపత్రి, ఓపీకి వెళ్ళి మందులు రాయించుకుని ఇంటికొచ్చేవాళ్ళు ఎందరో ఉన్నారు. రోగం పేరు చెప్పినంత మాత్రాన ఎవరూ ఎవరినీ ఎక్కడా పడేయలేరు. ఇష్టం లేకుండా చేర్చుకోవాలంటే తీవ్రమైన ప్రమాదం ఉండాలి, ఇద్దరు నిపుణులు విడివిడిగా చూసి అవునని రాయాలి, అందులో ఒకరు సైకియాట్రిస్ట్ అయి తీరాలి.

ఇక ఆషాఢంలో జరిగింది. బోనాల ఊరేగింపులో డప్పులకి చిన్నపిల్ల బయటికొచ్చి రోడ్డు మీద కూర్చుని ఏడిస్తే, మీ అత్తగారు అమ్మవారు పూనిందని పసుపు రాసి వేపాకు చేతిలో పెట్టారు. అత్తగారి మీద కోపం వద్దు, ఆమెకి తెలిసిన భాషలో ఆమె గౌరవమే చేసింది. 'అయితే నాది పూనకమేనా' అని మీరడిగారు. సికింద్రాబాద్ ఉజ్జయిని మహంకాళి గుళ్ళో పచ్చికుండ మీద నిలబడి రంగం చెప్పే అమ్మది రోగమని ఎవరూ అనరు. ఆ డీఎస్ఎం పుస్తకమే మతాచారంలో భాగంగా అందరూ అంగీకరించినది జబ్బు కిందికి రాదని స్పష్టంగా చెప్తుంది. అక్కడ రోజుంది, చోటుంది, అడిగేవాళ్ళున్నారు. మీకు పిలవకుండా వచ్చింది, తర్వాత గుర్తులేదు, ఆ రాత్రంతా వణికారు. తేడా అంతే. ఈ సంఘటన కొత్తావిడకి తప్పక చెప్పండి, ఒక్కదానిలోనే గంటలు మాయమవడం, పిల్ల, ఇంట్లోవాళ్ళ తీరు అన్నీ ఉన్నాయి.

ఇప్పుడు ఆ మూడు పేజీలు. 'చెప్తే ఊరుకోను, గురువారం కాలు కదపనివ్వను' అని రాసిన ఆ కోపిష్టి పెద్దావిడకి నేరుగా రాస్తున్నాను. మన తెలుగులో 'మీరు' అన్న మాటతో ఒక పని సుళువు, ఒకరినైనా అనొచ్చు, నలుగురినైనా అనొచ్చు, కాబట్టి మొదటి నుంచీ మీతో కూడా మాట్లాడుతున్నట్టే అనుకోండి. పోయినసారి చెప్తే ఏడాదిన్నర మత్తుమందు మింగాల్సొచ్చిందన్నారు, నిజమే, మీ అనుమానం ఊరికే వచ్చింది కాదు. ఎవరూ మిమ్మల్ని తీసేయమని అడగబోవడం లేదు. ఏం చెప్పొద్దో మీరే రాసివ్వండి, ఊరి పేరా, ఆ మనిషి పేరా, ఇంకేదైనానా. వంటింట్లో ఫ్రిజ్ పక్కన నోటుబుక్కు ఉందన్నారుగా, అందులో బుధవారం రాత్రికల్లా రాయండి. అది దాటి ఉత్తరం రాసినావిడ ఒక్క ముక్క చెప్పదు. ఉత్తరం రాసినావిడా, ఈ మాట మీరు నిలబెట్టాలి, ఒక్కసారి తప్పితే ఆ నోటుబుక్కు ఇంక ఎవరూ ముట్టరు.

పోతే, ఏడో పేజీ చివర్లో చిన్నగా రాసి కొట్టేసిన లైను నేను చదివాను. పొద్దున లేస్తే ముంజేతి మీద కొత్త గీతలు, ఎలా వచ్చాయో తెలియదు. మిగతావన్నీ మీ ఇష్టం, ఏ దారైనా పట్టండి, ఇది మాత్రం గురువారం మొదట చెప్పండి, డీఐడీ పేరెత్తకుండానే చెప్పొచ్చు. నోటుబుక్కులో ఈ ఒక్క విషయానికి బేరం లేదని కూడా రాసేయండి. గురువారం దాకా ఆగలేననిపిస్తే 14416కి ఫోన్ చేయండి, ప్రభుత్వ మానసిక ఆరోగ్య హెల్ప్‌లైన్ టెలి మానస్ అది, ఏ వేళైనా ఎత్తుతారు, తెలుగులో మాట్లాడతారు.

నోట మాట రాకపోతే కాగితం మీద రాసుకెళ్ళి చదవండి, లేదా ఆవిడ చేతికిచ్చి మీరు కిటికీలోంచి బయటికి చూడండి. ఇంత చాలు: 'మేడమ్, రెండుసార్లూ నిద్ర గురించే చెప్పాను. అసలు విషయం వేరే ఉంది. నాకు కొన్ని గంటలు గుర్తుండవు, ఆ టైములో నేను వేరేలా మాట్లాడతాను, వేరేలా రాస్తాను. చేతి మీద గీతలు కనిపిస్తున్నాయి. ఇంతకుముందు ఒకరు దీనికి ఒక పేరు పెట్టారు, అది తర్వాత చెప్తాను. నేను నటిస్తున్నానేమో అని నాకే అనిపించే రోజులున్నాయి. చిన్నప్పుడేం జరిగిందని ఇవాళ అడగకండి. ముందు ఇది విని మీరేమంటారో చెప్పండి.' ఆవిడకి ఇవ్వడానికి ఇంగ్లీషులో ఒకటి, మీ దగ్గర తెలుగులో ఒకటి ఉంచుకోండి.

గురువారం సాయంత్రం సెషన్ అవ్వగానే మెట్రో ఎక్కకండి. కింద ఎక్కడైనా ఒక అరగంట కూర్చుని టీ తాగండి, పక్కన షాపుల బోర్డులు చదవండి, చెల్లికి ఫోన్ చేసి ఏ స్టేషన్‌లో దిగుతున్నారో చెప్పి, దిగాక మళ్ళీ చేయండి. బ్యాగులో ఈసారి ఆ చింతపండు బిళ్ళలు మీరే కొని పెట్టుకోండి.